నీళ్లలో నిలిచిన చేను ఎందుకు వాడిపోతుంది? ఊపిరితిత్తులు లేని మొక్కల వాయు మార్పిడి

క్లుప్తంగా: మొక్కలకు ఊపిరితిత్తులు లేవు, మొప్పలు లేవు, ఆక్సిజన్‌ను ఒంటి నిండా మోసుకెళ్లే రక్తమూ లేదు. పలుచని ఆకులు, సందులున్న బెరడు, కణాల మధ్య ఒకదానితో ఒకటి కలిసిపోయిన గాలి ఖాళీలు ఆ పని చేస్తాయి. ఈ ఏర్పాటంతా విసరణ మీద ఆధారపడి ఉంటుంది. ఆక్సిజన్ విసరణ గాలిలో కంటే నీటిలో దాదాపు పది వేల రెట్లు నెమ్మది. నేలలోని గాలి ఖాళీలు నీటితో నిండిపోతే మిరప, పత్తి, మొక్కజొన్న వంటి పంటల వేర్లు ముందుగా దెబ్బతినడానికి ఇదే మూలం. వరి, మడ, తామర మాత్రం పైనుంచి లోలోపలే వేర్ల దాకా గాలిని దింపుకుంటాయి.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పుడు కోస్తా జిల్లాల్లో మిరప, పొగాకు చేలలో నీరు నిలిచిపోయింది. పెద్ద వాన కురిసిన ప్రతిసారీ ఇలాంటి చేలలో ఒక వింత కనిపిస్తుంది. వేర్ల చుట్టూ కావలసినంత నీరున్నా మొక్క నీళ్లు లేనట్టు తల వాల్చేస్తుంది. రైతులు దీన్ని ఉరకెత్తడం అంటారు. పక్క మడిలో అంతే లోతు నీటిలో ఉన్న వరి పైరు మాత్రం పచ్చగానే ఉంటుంది. తెగులో పురుగో కాకుండా, రెండు రకాల మొక్కలు తమ శరీరంలోకి గాలిని చేర్చుకునే తీరులో ఉన్న తేడాయే దీనికి ప్రధాన కారణం.

రాత్రి ఆక్సిజన్ ఇచ్చే చెట్టు ఉందా?

ముందుగా ఒక గందరగోళాన్ని తొలగించుకోవాలి. మొక్కలు పగలు ఆక్సిజన్ వదులుతాయి, రాత్రి పీల్చుకుంటాయి అనే మాట సగమే సరైనది. బతికున్న ప్రతి వృక్షకణం పగలూ రాత్రీ శ్వాసిస్తూనే ఉంటుంది, అంటే చక్కెరను ఆక్సిజన్‌తో విడగొట్టి శక్తిని పొందుతూనే ఉంటుంది. పగటి వెలుతురులో ఆకుపచ్చని భాగాల్లో కిరణజన్య సంయోగక్రియ అంతకంటే చాలా ఎక్కువ వేగంతో సాగుతుంది కాబట్టి నికరంగా ఆక్సిజన్ బయటకు వస్తుంది. వేరుకు, కాండం లోపలి భాగానికి, దుంపకు ఈ వెసులుబాటు లేదు; వాటికి అన్ని వేళలా బయటి ఆక్సిజన్ కావలసిందే.

రావి, తులసి వంటివి రాత్రి కూడా ఆక్సిజన్ ఇస్తాయన్న ప్రచారం వాట్సాప్‌లో ఏళ్లుగా తిరుగుతోంది. మొక్క వదిలే ఆక్సిజన్ నీటి అణువును కాంతి సాయంతో చీల్చినప్పుడు పుట్టేది. చీకటిలో ఆ చర్య జరగదు. కలబంద, నాగజెముడు, అనాస, డ్రాగన్ ఫ్రూట్ వంటివి రాత్రి పత్రరంధ్రాలు, అంటే ఆకు పైపొరలోని సూక్ష్మ రంధ్రాలు, తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను ఆమ్ల రూపంలో దాచుకుంటాయన్నది నిజమే కానీ, ఆక్సిజన్ తయారీ వాటిలోనూ మరునాటి వెలుతురులోనే మొదలవుతుంది. పడకగదిలో మొక్క ఉంటే రాత్రి గాలి చెడిపోతుందన్న భయమూ లెక్కకు నిలవదు. విశ్రాంతిగా ఉన్న ఒక మనిషి గంటకు సుమారు 12 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. కుండీలోని మొక్క వాటా అందులో చాలా చిన్నది.

దూరమే అసలు లెక్క

విసరణ అంటే అణువులు తమంతట తాము ఎక్కువగా ఉన్న చోటు నుంచి తక్కువగా ఉన్న చోటికి చేరడం. దీనికి కండరం అక్కర్లేదు, పంపు అక్కర్లేదు. జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫిక్ 1855లో దీనికి గణిత సూత్రాలు ఇచ్చాడు. వాటి నుంచి తేలే ముఖ్య విషయం, దూరం రెట్టింపయితే పట్టే కాలం నాలుగు రెట్లవుతుందన్నది.

ఈ లెక్క ప్రకారం నిశ్చలమైన నీటిలో ఆక్సిజన్ ఒక కణం మందాన్ని, అంటే మిల్లీమీటరులో వందో వంతు దూరాన్ని, సెకనులో చిన్న భాగంలోనే దాటుతుంది. ఒక మిల్లీమీటరుకు నాలుగు నిమిషాలు పడుతుంది. సెంటీమీటరుకు దాదాపు ఏడు గంటలు, పది సెంటీమీటర్లకు నెల రోజులు. అదే సెంటీమీటరు దూరం గాలిలో అయితే రెండు మూడు సెకన్ల పని. నీటితో నిండిన కణాల గుండా ఆక్సిజన్ ఎక్కువ దూరం వెళ్లలేదు. ప్రతి కణానికీ దగ్గర్లో గాలి ఉంటే మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

జంతువుల శరీరం మందంగా, గట్టిగా కూర్చి ఉంటుంది. లోపలి కణాలకు ఆక్సిజన్ అందాలంటే ఒక చోట విశాలమైన ఉపరితలం, అక్కడి నుంచి మోసుకెళ్లడానికి రక్తం కావాలి. మనిషి ఊపిరితిత్తుల్లోని గాలి గదులన్నీ పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు వస్తాయి. కదలిక, స్థిరమైన ఒంటి వేడి అనే రెండు పెద్ద ఖర్చులు లేని మొక్కకు ఆక్సిజన్ అవసరం మొదటే తక్కువ. పైగా ఆకు, కొమ్మ, వేరు దేనికది తన పక్కనున్న గాలితోనే పని జరుపుకుంటాయి. అందుకే మొక్కకు ప్రత్యేకమైన శ్వాసాంగం లేకపోవడాన్ని లోపంగా చూడటం సరికాదు. అంత పెద్ద సరఫరా వ్యవస్థ అవసరం రాకుండానే ఆ శరీరం రూపొందింది. పదిహేడో శతాబ్దంలో ఇటలీకి చెందిన మార్సెల్లో మాల్పిజీ మొక్కల్లోని సర్పిలాకార నాళాలను చూసి, పురుగుల్లోని వాయునాళాల వంటివే అనుకున్నాడు. అవి నిజానికి నీటిని మోసే దారువు నాళాలు.

ఆకు: పైకి మూత, లోపల డొల్ల

మామూలు ఆకు మందం మిల్లీమీటరులో నాలుగో వంతో, ఐదో వంతో ఉంటుంది. అందులోనూ 10 నుంచి 40 శాతం వరకు గాలే ఉంటుంది. కింది పొరలోని కణాలు వదులుగా, సందులు వదిలి అమరి ఉంటాయి. ఈ సందుల్లోకి తెరుచుకునే కణాల గోడల విస్తీర్ణం ఆకు పైకి కనిపించే విస్తీర్ణానికి ఎన్నో రెట్లు. కాచిన వేడి నీళ్లలో ఒక ఆకును ముంచితే లోపలి గాలి వ్యాకోచించి సన్నని బుడగలుగా బయటపడుతుంది. చాలా చెట్ల ఆకుల్లో ఈ బుడగలు అడుగు వైపే ఎక్కువగా పేరుకోవడం కంటికి కనిపిస్తుంది. పత్రరంధ్రాలు ఎక్కువగా ఉండేది ఆ వైపే.

ఆకు పైపొర మీద అవభాసిని అనే మైనం వంటి పూత ఉంటుంది. అది నీటి ఆవిరిని ఎంత ఆపుతుందో వాయువులనూ అంతే ఆపుతుంది. కాబట్టి రాకపోకలన్నీ పత్రరంధ్రాల గుండా సాగాలి. చదరపు మిల్లీమీటరుకు సాధారణంగా 50 నుంచి 300 వరకు ఉండే ఈ రంధ్రాలు పూర్తిగా తెరుచుకున్నా మొత్తం కలిపి ఆకు విస్తీర్ణంలో ఒకటి రెండు శాతమే. అంత చిన్న వాకిలితో అంత పని ఎలా జరుగుతుందన్నది చాలాకాలం అంతుచిక్కలేదు. బ్రిటిష్ శాస్త్రవేత్తలు బ్రౌన్, ఎస్కోంబ్ 1900లో దీనికి జవాబు చెప్పారు. చాలా చిన్న రంధ్రం గుండా సాగే విసరణ ఆ రంధ్రం వైశాల్యాన్ని బట్టి కాక దాని వ్యాసాన్ని బట్టి ఉంటుంది. అంచుల దగ్గర అణువులు పక్కలకు కూడా విరజిమ్ముకుపోవడమే ఇందుకు కారణం. అందువల్ల ఒకే పెద్ద కన్నం కంటే, అంతే వైశాల్యాన్ని పంచుకుని ఎడంగా ఉన్న వేల కొద్దీ సూక్ష్మ రంధ్రాల గుండా వాయువులు ఎన్నో రెట్లు ఎక్కువగా వెళ్తాయి.

ఈ సదుపాయానికి మొక్క చెల్లించే వెల నీరు. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతమే, ఆకు లోపలి గాలి మాత్రం నీటి ఆవిరితో నిండి ఉంటుంది. ఒక కార్బన్ డయాక్సైడ్ అణువును సంపాదించుకునే లోపు వరి, పత్తి వంటి పంటలు సుమారు 400 నీటి అణువులను కోల్పోతాయి. కార్బన్ డయాక్సైడ్‌ను లోపలే పోగుచేసుకునే జొన్న, మొక్కజొన్న, చెరకు వంటి వాటిలో ఇది 150 దగ్గర, రాత్రి తెరుచుకునే నాగజెముడు తరహా మొక్కల్లో 50 దగ్గర ఉంటుంది. రంధ్రాన్ని తెరవడం, మూయడం దాని రెండు పక్కల ఉండే రక్షక కణాల పని. వెలుతురు తగలగానే వాటిలోకి పొటాషియం, దాని వెంట నీరు చేరి అవి ఉబ్బి విడిపోతాయి. నేల ఎండితే అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పొటాషియాన్ని బయటకు పంపించి వాటిని ముడుచుకునేలా చేస్తుంది.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే తక్కువ వాకిళ్లతోనే సరిపోతుంది. వుడ్‌వర్డ్ అనే శాస్త్రవేత్త భద్రపరచిన పాత చెట్ల ఆకులను కొత్త వాటితో పోల్చి, రెండు వందల ఏళ్లలో పత్రరంధ్రాల సాంద్రత దాదాపు 40 శాతం తగ్గినట్టు 1987లో చూపించాడు. ఇది నీటి పొదుపుగా కనిపించినా, ఆవిరి తగ్గితే ఆకు చల్లబడటమూ తగ్గుతుంది. వడగాలులు వీచే ప్రాంతాల్లో ఈ రెండో ప్రభావాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

బెరడు, చేవ, దుంప

పెద్ద చెట్టు మాను మీటరు మందం ఉన్నా దానిలో బతికున్న కణాలు ఎక్కువగా బెరడు లోపలి వైపు, దాని కింది పలుచని పొరల్లో ఉంటాయి. నడుమ ఉన్న చేవ చచ్చిన కణాలతో తయారైంది. దానికి ఆక్సిజన్ అక్కర్లేదు. తొర్రపడి లోపలంతా డొల్లయిన చింతచెట్టు ఏళ్ల తరబడి కాయడానికి కారణం ఇదే. నీరు చొరని బెరడు మీద అక్కడక్కడ గరుకుగా, పొక్కుల్లా కనిపించే చుక్కలు లెంటిసెల్స్. అక్కడ కణాలు వదులుగా ఉండి గాలిని లోపలికి పోనిస్తాయి. పత్రరంధ్రాల్లా వాటికి తెరిచే, మూసే ఏర్పాటు లేదు.

విసరణకు హద్దు ఎక్కడుందో బంగాళాదుంప చెబుతుంది. ఆపిల్ పండు పరిమాణంలో దాదాపు ఐదో వంతు గాలి ఉంటుంది, అందుకే నీటిపై తేలుతుంది. బంగాళాదుంపలో గాలి ఒకటి రెండు శాతానికి మించదు. తడి ఎక్కువైన నేలలో దాని తొక్క మీది లెంటిసెల్స్ తెల్లని పొక్కుల్లా ఉబ్బుతాయి. గాలి ఆడని నిల్వలో, వేడిలో ఉంచితే పైకి ఏ మచ్చా లేకుండానే దుంప నడిమధ్య భాగం ఆక్సిజన్ అందక నల్లబడుతుంది. కోసి చూసే దాకా ఈ నష్టం తెలియదు.

వేరు దగ్గర తప్పే లెక్క

మంచి గుల్లగా ఉన్న నేలలో మట్టి రేణువుల మధ్య సగం ఖాళీల్లో నీరు, సగం ఖాళీల్లో గాలి ఉంటాయి. లేత వేర్లు, వేరు నూగు ఆ గాలి నుంచే నేరుగా ఆక్సిజన్ తీసుకుంటాయి. వాన నీరు ఆ ఖాళీలను నింపేస్తే రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి. లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, లీటరు నీటిలో 8 మిల్లీగ్రాములే కరిగి ఉంటుంది. ఆ కొద్దిపాటిని వేర్లు, సూక్ష్మజీవులు వాడేశాక పైనుంచి కొత్తది దిగడానికి, ముందు చెప్పినట్టు, రోజులూ వారాలూ పడుతుంది. వేడి నేలల్లో ఒకటి రెండు రోజుల్లోనే ఆక్సిజన్ అడుగంటుతుంది.

అప్పుడు వేరు కణాలు ఆక్సిజన్ లేని పద్ధతికి, అంటే పులియబెట్టడానికి మళ్లుతాయి. మామూలు శ్వాసలో ఒక గ్లూకోజ్ అణువు నుంచి ఏటీపీలు, అంటే కణానికి శక్తినిచ్చే అణువులు, 30కి పైగా వచ్చే చోట ఇందులో రెండే వస్తాయి. కణ ద్రవం ఆమ్లత పెరుగుతుంది. ఆ ఆమ్లత వల్ల కణ పొరల్లోని ఆక్వాపోరిన్లనే నీటి ద్వారాలు మూసుకుపోతాయని 2003లో తేలింది. మొక్క నీళ్ల మధ్యలో ఉండి ఎండిపోవడం వెనుక ఉన్నది ఇదే. ముసురు పట్టినన్నాళ్లూ ఆకు నుంచి ఆవిరి తక్కువ కాబట్టి ఈ లోటు బయటపడదు. వాన వెలిసి ఎండ కాసిన రోజున ఆకు నీరు అడుగుతుంది, వేరు ఇవ్వలేకపోతుంది; చేను ఒక్కసారిగా వాలిపోతుంది. పైగా ఉక్కిరిబిక్కిరైన వేరు నుంచి ఆకులకు చేరే ఒక రసాయనం అక్కడ ఇథిలీన్ అనే వాయు హార్మోనుగా మారి, కాడలను కిందికి వంచుతుంది. నేలలోని నత్రజనిని ఆక్సిజన్ లేని చోట బతికే బ్యాక్టీరియా వాయువుగా మార్చేయడంతో కింది ఆకులు పసుపుబారతాయి. ఎండుతెగులు, వేరుకుళ్లు శిలీంధ్రాలు వచ్చేది ఆ తర్వాత. చాలా చోట్ల ముందుగా నిందపడేది మాత్రం వాటి మీదే.

ఆక్సిజన్‌ను కొలిచి వాడుకోవలసిన చోట మొక్కలోనూ రక్తంలో ఉండేలాంటి పదార్థమే కనిపిస్తుంది. వేరుశనగ వేరు బుడిపెను గోటితో చిదిమితే లోపల గులాబీ ఎరుపు కనబడుతుంది. అది లెగ్‌హీమోగ్లోబిన్, మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు దగ్గరి బంధువు. నత్రజనిని స్థిరీకరించే ఎంజైము ఆక్సిజన్ తగిలితే పాడవుతుంది, ఆ పని చేసే బ్యాక్టీరియాకేమో ఆక్సిజన్ కావాలి. ఈ రెంటినీ సర్దేది ఆ పదార్థం. మొక్క మొత్తానికి ఆక్సిజన్ మోసే పని దానిది కాదు.

వరి, మడ, తామర

వరి వేరును అడ్డంగా కోస్తే మధ్య పొరలో పెద్ద పెద్ద గాలి గదులు కనిపిస్తాయి. అక్కడి కణాలు ఒక పద్ధతి ప్రకారం చచ్చిపోయి ఆ ఖాళీలను వదులుతాయి. ఆకు నుంచి వేరు కొన దాకా సాగే ఈ వాయు కణజాలం గుండా గాలి లోలోపలే దిగుతుంది. మిరపకు ఇలాంటి దారి లేదు. మొక్కజొన్న నీటి ముంపులో కొంతవరకు ఏర్పరచుకుంటుంది కానీ, దాని వేరు పొడవునా ఆక్సిజన్ బయటి బురదలోకి కారిపోతుంది. వరి వేరు చుట్టూ ఏర్పడే సుబెరిన్ అనే మైనం వంటి పదార్థపు పొర ఆ కారుడును అరికట్టి, ఆక్సిజన్‌ను కొన వరకు చేరుస్తుంది. దమ్ము చేసిన మడి నుంచి వరి మొక్కను పీకి కడిగితే పాత వేర్ల మీద తుప్పు రంగు పూత కనిపిస్తుంది. వేరు నుంచి బయటపడిన ఆక్సిజన్ బురదలోని ఇనుముతో కలిసి ఏర్పడినదే ఆ పూత.

ఆకు కొనలు నీటి పైన ఉన్నంత వరకే ఈ దారి పనిచేస్తుంది. పైరు మొత్తం మునిగితే వరి కూడా ప్రమాదంలో పడుతుంది. కొన్ని లోతు నీటి రకాలు రోజుకు 20 సెంటీమీటర్ల దాకా పెరిగి నీటి పైకి తలెత్తుతాయి. ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్ 13ఏ రకం దీనికి పూర్తి విరుద్ధంగా ఎదుగుదలను ఆపి, నిల్వ చక్కెరను పొదుపు చేసుకుంటుంది. దీనికి కారణమైన సబ్-1ఏ జన్యువును 2006లో గుర్తించారు. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029లోకి ఆ లక్షణాన్ని చేర్చిన స్వర్ణ-సబ్ 1 రకం 2009లో దేశంలో విడుదలైంది. అది దాదాపు రెండు వారాల మునకను తట్టుకోగలదు. అయితే కోత దశలో పడిపోయిన వరి గింజ తడిసి మొలకెత్తడం వేరే సమస్య, దానికి ఈ జన్యువు పరిష్కారం కాదు.

కాకినాడ దగ్గర గోదావరి కడపటి పాయల్లోని కోరింగ మడ అడవుల్లో బురదలోంచి పెన్సిళ్లలా నిలువుగా లేచి కనిపించేవి మడచెట్ల శ్వాసవేర్లు. వాటి మీది లెంటిసెల్స్ గుండా గాలి లోపలికి చేరి బురదలోని వేర్లకు అందుతుంది. షోలాండర్ బృందం 1955లో మడజాతి వేర్ల మీది ఈ రంధ్రాలను గ్రీజుతో మూసి చూస్తే లోపలి ఆక్సిజన్ బాగా పడిపోయింది. ఇక్కడ పోటు, పాటు కూడా పనికొస్తాయి. పోటు నీటిలో మునిగినప్పుడు లోపలి ఆక్సిజన్ ఖర్చవుతుంది, వెలువడిన కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగిపోతుంది, లోపల పీడనం తగ్గుతుంది. నీరు దిగగానే బయటి గాలి లోపలికి లాగబడుతుంది. కండరం లేకుండా జరిగే ఉచ్ఛ్వాసం అనదగినది మొక్కల్లో ఏదైనా ఉంటే ఇదే. చమురు తెట్టు ఈ వేర్లను కప్పేస్తే మడలు చచ్చిపోయేదీ అందుకే.

తామర, కలువ జాతులు ఇంకొక అడుగు ముందుకు వేశాయి. ఎండకు వేడెక్కిన లేత ఆకుల్లో పీడనం పెరిగి, గాలి కాడ గుండా అడుగునున్న దుంపకు దిగి, ముదురు ఆకుల గుండా బయటకు పోతుంది. అమెరికాలో ఒక పసుపు కలువ జాతిపై జాన్ డేసీ 1980లో ప్రచురించిన కొలతల్లో ఒక్కో లేత ఆకు రోజుకు 22 లీటర్ల దాకా గాలిని ఇలా పంపింది. తామర తూడును అడ్డంగా విరిస్తే కనిపించే కన్నాలు ఈ గాలి దారులే.

పొలంలో దీని ప్రభావం

వరిలోని ఈ గాలి దారికి రెండో వైపు కూడా ఉంది. నీరు నిలిచిన మడిలో పుట్టే మీథేన్‌లో అధిక భాగం వరి మొక్కలోని ఇదే దారిలో పైకెక్కి గాలిలో కలుస్తుంది. మడిని ఎప్పుడూ నింపి ఉంచకుండా తడుపుతూ ఆరబెట్టే పద్ధతి మీథేన్‌ను తగ్గించగలగడానికి కారణం, ఆరిన రోజుల్లో నేలలోకి ఆక్సిజన్ దిగి ఆ వాయువును తయారుచేసే జీవులను అణచడం. డెల్టాలో వానకాలం పైరుకు ఈ పద్ధతి పాటించాలంటే మురుగు కాలువలు పారాలి. వాటిని గుర్రపుడెక్క మూసేసిన చోట రైతు చేతిలో ఏమీ ఉండదు.

మెట్ట పంటల విషయంలో చేయవలసినది ఎంత త్వరగా చేస్తే అంత మేలు. బోదెల మీద నాటిన మిరపకు వేర్ల పైభాగమైనా గాలిలో ఉంటుంది కాబట్టి చదును నేలలో కంటే తట్టుకునే అవకాశం ఎక్కువ. నిలిచిన నీటిని పాయలు తీసి బయటకు పంపడమంటే వేరుకు గాలిని తిరిగి ఇవ్వడమే. నేల పదునుకు రాగానే గుంటక తోలితే పైన కట్టిన అట్ట పగిలి ఖాళీలు తెరుచుకుంటాయి. ఆ కొద్ది రోజులూ వేరు పోషకాలను తీసుకోలేదు. అందుకే వ్యవసాయ శాఖ అధికారులు లీటరు నీటికి 20 గ్రాముల యూరియా లేదా 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ కలిపి ఆకులపై పిచికారీ చేయమంటారు. అప్పుడే నేలలో ఎరువు వేస్తే ఉపయోగం తక్కువ.

చేను కోలుకుంటుందా, మళ్లీ విత్తుకోవాలా అన్నది ఆకును చూసి తేల్చలేం, ఎందుకంటే ఆకు స్థితి రెండు మూడు రోజులు వెనకబడి ఉంటుంది. మొక్కను మట్టితో సహా పెళ్లగించి వేరును చూడాలి. చివళ్లలో తెల్లని, గట్టి లేత వేర్లు ఉంటే మొక్క తిరిగి నీరు తీసుకోగలదు. వేలితో లాగితే పైతొక్క ఊడివచ్చి లోపలి దారం మాత్రమే మిగిలితే ఆ వేరు చచ్చినట్టే. చేనంతా అలాగే ఉంటే పిచికారీ మీద పెట్టే ఖర్చు దండగ.